నడపని పది ఆదివారాలు

మా ఆయన ఇరవై ఆరేళ్లు ఒక ఫంక్షన్ హాల్లో జనరేటర్ నడిపాడు. హాలు వెనక, వంటశాల గోడకు ఆనుకుని ఒక రేకుల గది ఉండేది. అందులో లారీ ఇంజినంత డీజిల్ మిషన్. పెళ్లి జరుగుతుంటే కరెంటు పోయినా లోపలివాళ్లు తలెత్తి చూసేలోపు దీపాలు వెలగాలి. "నా చేతిల ఒక్క పెండ్లి గూడ చీకట్ల కాలే" అని చెప్పుకునేవాడు. తన గురించి ఆయన గొప్పగా చెప్పుకున్న మాట అదొక్కటే.

ఆ గదిలో ఎంత పొగ పీల్చాడో ఎవరికీ తెలియదు. యాభై దాటాక మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, ఒకసారి గట్టిపడ్డవి మళ్లీ మెత్తబడవని డాక్టర్ చెప్పాడు. పొగ వల్లనా అని అడిగాను. కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు.

ఇంకో ఏడాదికి ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోవాల్సి వచ్చింది. సిలిండర్ లాంటిది కాదు, కరెంటు మీద నడిచేది. గదిలోని గాలినే లాగి, వడగట్టి, సన్నటి గొట్టంలోంచి ముక్కుకు అందిస్తుంది. పగలూ రాత్రీ గుర్రుమంటూనే ఉంటుంది. కరెంటు పోతే చప్పున ఆగిపోయి, సన్నగా, తెగకుండా కూత పెడుతుంది. సిలిండర్ కూడా ఒకటి చిన్నది తెచ్చి మూలన పెట్టుకున్నాం, ఆపదకు.

ఆ మిషన్ ఇంటికి రాకముందే ఆయన చిన్న పెట్రోల్ జనరేటర్ ఒకటి కొన్నాడు. గౌలిపురలో మా ఇంటి వెనక చిన్న వాకిలి ఉంది. పాత రోజుల్లో అక్కడ మా అత్తగారి బర్రెలు కట్టేసేవాళ్లట. ఇప్పుడు గోడ, నల్లా, బట్టలారేసే తీగ. ఆ వాకిట్లో, కిటికీలకు దూరంగా, పొగగొట్టం సందు వైపు తిప్పి దాన్ని నిలబెట్టాడు. పైన వాన పడకుండా రేకు వేయించాడు, నాలుగు పక్కలా తెరిచే ఉంచాడు.

"ఎన్నడు గూడ దీన్ని ఇంట్ల పెట్టి నడపొద్దు. వాన పడ్డా సరే. దీని పొగకు వాసన రాకున్నా మనిషిని నిద్రల్నే తీస్కపోతది" అన్నాడు.

హాల్లో పాత మిషన్ తుక్కుకు పోయినప్పుడు దాని గంటల మీటరు అడిగి తెచ్చుకున్నాడు. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపించే చిన్న గుండ్రటి మీటరది. దాన్ని దీనికి బిగించాడు. అరవై పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టాడు. ప్రతి ఆదివారం ఉదయం ఇరవై నిమిషాలు నడపడం, నడిపాక మీటరు రీడింగు రాయడం.

"కరెంట్ పోలేదు గదా, ఎందుకు నడుపుడు?" అని మొదట్లో అడిగాను.

"అవసరం వడ్డనాడే నడిపిస్తే అది నడవదు. ఇంజిన్ గూడ మనిషే. ఊకె పండవెడితే కీళ్లు పట్టుకుంటయి."

చేయి సాగినన్నాళ్లూ అన్నీ ఆయనే చేశాడు. కొలత కడ్డీ తీసి ఆయిల్ చూసేవాడు. గాలి వడపోసే స్పాంజిని సబ్బునీళ్లలో పిండి నీడన ఆరేసేవాడు. ప్లగ్గు ఊడదీసి మసి తుడిచేవాడు. బ్యాటరీ కొనల మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి వ్యాజలైన్ రాసేవాడు. ఇంజిన్ వేడెక్కాక ఇస్త్రీపెట్టె తగిలించేవాడు, బరువు మోయకుండా తిరిగితే లాభం లేదని. ఆపే ముందు బరువు తీసేసి మూడు నిమిషాలు ఉత్తగా తిప్పేవాడు. చివర్న ట్యాంకు కింద నల్లాలాంటి పెట్రోల్ చావీ కట్టేసి, కార్బొరేటర్‌లో మిగిలింది కాలిపోయి ఇంజిన్ దానంతటది ఆగేదాకా నిలబడేవాడు. అందులో పెట్రోల్ నిలవుంటే ఆరిపోయి జిగురైతదని, సూది మొనంత రంధ్రం మూసుకుపోతదని చెప్పేవాడు. నేను తలుపు దగ్గర నిలబడి వినేదాన్ని. వింటున్నాను అనుకునేదాన్ని.

చలికాలానికి ఆయన మంచం దిగి వాకిలి దాకా రాలేకపోయాడు. గొట్టం అంత దూరం రాదు, వచ్చినా కాళ్లు రావు. ఆదివారం పని నా మీద పడింది.

అప్పట్లో నేను నయాపూల్ దగ్గర ఒక వకీలు ఆఫీసులో టైపు చేసేదాన్ని. మాకు పిల్లలు లేరు. నేను ఆఫీసులో ఉన్నంతసేపు ఎదురింటి పెద్దమ్మ వచ్చి ఆయన దగ్గర కూర్చునేది. వాళ్లది తరతరాలుగా పాల వ్యాపారం. పొద్దున పాలు పోయడం అయిపోతే ఆమెకు తీరిక. సాయంత్రం నుంచి మళ్లీ పొద్దుటి దాకా నేను. తినిపించడం, తుడవడం, కూర్చోబెట్టడం, పడుకోబెట్టడం. వాటన్నిటి వెనక ఆ మిషన్ గుర్రు, దాని మీద ఆయన దగ్గు. నిద్రలో కూడా అవి రెండూ వినపడేవి.

మొదటి మూడు ఆదివారాలు తప్పకుండా నడిపాను. నాలుగో ఆదివారం జనరేటర్ తాళంచెవి పట్టుకుని వాకిట్లోకి వెళ్లి, వెనక తలుపు దగ్గరికి వేసి, గడప మెట్టు మీద కూర్చున్నాను. ఒక్క నిమిషం కూర్చుని లేద్దామనుకున్నాను. తలుపు మూస్తే మిషన్ చప్పుడు వినపడలేదు. దగ్గు వినపడలేదు. గోడ మీద ఎండ పడుతోంది. ఎక్కడో ఎవరో బియ్యం చెరుగుతున్నారు. వారం మొత్తంలో నాకు దొరికిన నిశ్శబ్దం అది. అందులోకి ఇంజిన్ మోత తేబుద్ధి కాలేదు. ఇరవై నిమిషాలూ అట్లాగే కూర్చున్నాను.

లోపలికి వెళ్లగానే ఆయన అడిగాడు. "నడిపినవా?"

"నడిపిన."

"రీడింగ్ ఎంత?"

పోయిన వారం అంకెకు ఇరవై నిమిషాలు కలిపి చెప్పాను. ఆయన చూస్తుండగానే నోటుబుక్కులో రాశాను. తన గదిలో మిషన్ గుర్రు మధ్య ఆయనకు వాకిలి చప్పుడు వినపడదని నాకు తెలుసు.

ఆ తర్వాతి ఆదివారం కూడా అంతే. ఒకసారి అబద్ధం అంకె రాశాక తర్వాతిది దాని మీదే రాయాలి. మొత్తం పది ఆదివారాలు. వచ్చే వారం తప్పకుండా నడపాలని ప్రతిసారీ అనుకునేదాన్ని. ఆ అనుకోవడం కూడా నిజమే.

ఏప్రిల్‌లో నేను ఆఫీసుకు సెలవు పెట్టిన ఒకరోజు, రంజాన్ నెల చివర్లో, సాయంత్రం నాలుగున్నరకు గాలిదుమారం లేచింది. సందులో రేకులు ఎగిరాయి. ఎక్కడో చెట్టు తీగల మీద పడిందని తర్వాత తెలిసింది. కరెంటు పోయింది. మిషన్ ఆగి కూత మొదలుపెట్టింది.

ఆయన చెయ్యి ఎత్తి వెనక వైపు చూపించాడు. ముఖంలో భయం లేదు. ఇన్నాళ్లూ తయారుగా ఉన్నది దీనికే కదా అన్నట్టు చూశాడు.

నేను పరుగెత్తాను. తాళంచెవి తిప్పితే టక్కుమంది, అంతే. బ్యాటరీ చచ్చిపోయింది. ఇంజిన్‌ని చేత్తో తిప్పే తాడు పట్టుకుని లాగాను. ఇంజిన్ ఒక్కసారి మూలిగి ఊరుకుంది. మళ్లీ లాగాను. భుజం పట్టేసేదాకా లాగాను. కళ్లలో దుమ్ము. లోపలి నుంచి కూత వినిపిస్తూనే ఉంది.

తాడు వదిలేసి వెళ్లి సిలిండర్ తగిలించాను. ముల్లు సగానికి కింద ఉంది. తర్వాత ఫోన్ చేశాను, సంతోష్‌నగర్‌లో ఉండే మెకానిక్‌కి. మా ఆయనకు హాల్లో పని చేసేనాటి నుంచి దోస్తు. నేను భాయ్ అని పిలుస్తాను, ఆయన నన్ను భాభీ అంటాడు.

"సిలిండర్ ఎంతసేపొస్తది భాభీ?"

"గంట వస్తదేమో భాయ్."

"ఫికర్ చెయ్యకుండ్రి. వస్తున్న."

అంబులెన్సుకు కూడా చేశాను. దారిలో చెట్లు పడ్డాయి, ఆలస్యమవుతుందన్నారు. దారులన్నీ మూసుకుపోయాయి. భాయ్‌కి గంట పైనే పట్టింది. సిలిండర్ అంతకంటే ముందే అయిపోయింది.

ఆ మధ్యలో గడిచింది పావుగంట ఉంటుంది. ఆయన మంచం అంచున ముందుకు వంగి కూర్చున్నాడు. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. నేను వెనక నుంచి పట్టుకున్నాను. పెద్దమ్మ వచ్చి ఎదురుగా కూర్చుని, విసనకర్ర విసురుతూ, "మెల్లగ పీల్చు కొడుకా, మెల్లగ ఇడువు" అని చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఏమీ అడగలేదు. అడగడానికి ఊపిరి లేదని అప్పుడు అనుకున్నాను.

భాయ్ వచ్చాడు. ఉపవాసం, పొద్దుటి నుంచి చుక్క నీళ్లు తాగని మనిషి. నేరుగా వాకిట్లోకి వెళ్లి కార్బొరేటర్ విప్పాడు. కింది గిన్నెలాంటి భాగంలో పెట్రోల్ లేదు. గోధుమరంగు జిగురు అంటుకుని ఉంది, ఎండిన బెల్లంపాకం లాగా. రెండున్నర నెలల కింద చివరిసారి నడిపినప్పుడు నేను పెట్రోల్ చావీ కట్టలేదు. భాయ్ సన్నటి తీగతో రంధ్రం పొడిచి, కొత్త పెట్రోల్‌తో కడిగి, బిగించి తాడు లాగాడు. మూడోసారికి అందుకుంది. లోపల మిషన్ మళ్లీ గుర్రుమంది.

మసీదు నుంచి అజాన్ వినిపించాక భాయ్ ఆ మెట్టు మీదే కూర్చుని జేబులోంచి ఖర్జూరం తీసి ఉపవాసం విడిచాడు. నేనిచ్చిన నీళ్లు తాగాడు. నా వైపు చూడలేదు. ఇంజిన్ చూస్తే ఎన్నాళ్లుగా నడపలేదో ఆయనకు తెలిసిపోయి ఉంటుందని, అందుకే చూడట్లేదని అనుకున్నాను.

మా ఆయన ఆ తర్వాత పందొమ్మిది రోజులున్నాడు. పోయింది ఒక ఉదయం, కరెంటు ఉండగానే, మిషన్ నడుస్తుండగానే. జబ్బు చివరికొచ్చిందని, ఆ పావుగంటకూ దీనికీ సంబంధం లేదని డాక్టర్ అన్నాడు. డాక్టర్ చెప్పింది నిజమే కావచ్చు. ఆ పందొమ్మిది రోజుల్లో రెండు ఆదివారాలొచ్చాయి. రెండుసార్లూ నడిపాను. ఆయన మాత్రం రీడింగు అడగలేదు.

ఆక్సిజన్ మిషన్ అద్దె వాళ్లు తీసుకెళ్లిపోయారు. మంచం పక్కన అది ఉన్నచోట గచ్చు మీద నాలుగు చక్రాల గుర్తులు మిగిలాయి. అప్పటి నుంచి, ఎప్పుడు కరెంటు పోయినా, ఫ్యాను ఆగి ఫ్రిజ్ ఆగి ఇల్లు నిశ్శబ్దమయ్యే ఆ క్షణంలో ఆ గదిలోంచి సన్నటి కూత వినిపిస్తుంది. మిషన్ లేదు, మనిషి లేడు. అయినా నా కాళ్లు వాకిలి వైపు పరుగెడతాయి. జనరేటర్ వేశాక గాని కూత ఆగదు. రెండు నిమిషాల కరెంటు కోతకు కూడా వేస్తాను. సందులో వాళ్లు మొదట వింతగా చూశారు. తర్వాత చూడటం మానేశారు.

పని మొత్తం నేర్చుకున్నాను. పాత పెట్రోల్ నిలవ ఉంచను. రెండు నెలలు దాటితే భాయ్ స్కూటర్‌లో పోయించేసి కొత్తది తెస్తాను. ఆరు నెలలకోసారి ఆయిల్ మారుస్తాను, నడిచినా నడవకపోయినా. ఎలుకలు తీగలు కొరక్కుండా చుట్టూ జాలీ కట్టించాను. కొన్నిసార్లు ప్లగ్గు బిగిస్తుంటే వెనక నుంచి మా ఆయన గొంతు వస్తుంది. "చేత్తోటి తిప్పు ముందుగాల. పానా తర్వాత. మర పోతది." తిరిగి చూడను. చూస్తే ఆ గొంతు ఆగిపోతుందని భయం. ఆగిపోవాలని ఒక్కోసారి కోరిక.

నోటుబుక్కు మాత్రం కుదరలేదు. తర్వాత నడిపిన ప్రతిసారీ ఆ దొంగ అంకె మీదే కలిపి రాశాను గనుక, అందులో అంకె మీటరు కంటే ముందే ఉండిపోయింది. పది ఆదివారాలు, ఒక్కోదానికి ఇరవై నిమిషాలు: మూడు గంటల ఇరవై నిమిషాలు ఎక్కువ. ఆ పేజీ చింపలేను. కొట్టివేసి సరి చేయలేను. ఆయన చూస్తుండగా రాసిన అంకెలవి.

ఏడాది తిరగక ముందు ఒక ఆదివారం ఉదయం జనరేటర్ వేసి, ఇస్త్రీపెట్టె తగిలించి, ఆపకుండా అట్లాగే నడిపాను. మీటరు నోటుబుక్కును అందుకోవాలని. ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఇస్త్రీ చేశాను. ఆయన చొక్కాలు కూడా. రెండు గంటలు దాటాక పెద్దమ్మ వచ్చింది.

"ఏందే బిడ్డా, కరెంట్ ఉన్నది గదా?"

"ఉన్నది పెద్దమ్మా. దీనికి బాకీ ఉన్న."

ఆమెకు అర్థం కాలేదు. నా ముఖం చూసి వెళ్లిపోయింది. మూడు గంటల ఇరవై నిమిషాలయ్యాక మీటరూ నోటుబుక్కూ ఒకే అంకె చూపించాయి. నేను దాని ముందు నిలబడ్డాను. ఏదో తేలికవుతుందని అనుకున్నాను. ఇంజిన్ వేడికి గాలి కదులుతోంది, అంతే. రేపు కరెంటు పోతే కూత వినిపిస్తుందని నాకు తెలుసు. మర్నాడు పోయింది, వినిపించింది.

ఆ వారమే భాయ్ ఆయిల్ మార్చడానికి వచ్చాడు. నేను చేసుకోగలనన్నా వినడు, వస్తూనే ఉంటాడు. మీటరు చూసి, "ఇంత నడిపినవేంది భాభీ?" అన్నాడు.

అబద్ధం చెప్పే శక్తి లేకపోయింది. నోటుబుక్కు తెచ్చి చేతిలో పెట్టాను. ఏ వారం నుంచి ఏ వారం దాకా దొంగ అంకెలున్నాయో వేలు పెట్టి చూపించాను. మెట్టు మీద కూర్చున్న సంగతి చెప్పాను.

భాయ్ ఆ పేజీ చూశాడు. ఆయిల్ చేతులు బట్టకు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

"ఆయనకు ఎరికే భాభీ."

నాకు ముందు వినపడలేదు.

"గాలిదుమారానికి పదిహేను రోజుల ముందుగాల నాకు ఫోన్ చేసిండు. నువ్వు ఆఫీసుకు పోయినంక. మాట్లాడనీకె దమ్ము లేకుండె, ఆగుకుంట ఆగుకుంట చెప్పిండు. 'రెండు నెలలాయె, ఆమె పెట్రోల్ తెస్తనని ఒక్కసారి అనలే. ఇంజిన్ గాలి తాగి నడుస్తదా? ఆమె నడుపుతలేదు. పాపం అలసిపోయింది. ఆమెతోటి ఏమనకు. నువ్వే ఒకసారి వచ్చి ఊకెనే వచ్చినట్టు చూసిపో' అన్నడు."

"మరి?"

"రోజా ఉంటి. దుకాన్ల పని మస్తు ఉండె. ఈద్ అయినంక వస్తనన్న. సరే అన్నడు. ఈద్‌కు ఇంకా నాలుగు రోజులుండంగ నువ్వు ఫోన్ చేసినవు. తోవ మొత్తం నాకు అదే. ఆనాటికెళ్లి మీ ఇంటికి రాకుంట ఉండలేకపోతున్న, వస్తే నీ మొకం చూడలేకపోతున్న."

ఇద్దరం ఆ ఇంజిన్‌కి చెరో పక్కన కూర్చున్నాం. ఆయన నన్ను క్షమించాడా అని అడగాలనిపించింది. భాయ్‌కి మాత్రం ఏం తెలుసు. నన్ను బాధపెట్టే మాట వేరే ఉంది. మా ఆయన ఆదివారం ఆదివారం రీడింగ్ ఎంత అని అడిగి, నేను చెప్పిన అంకె విని, తల ఊపి కళ్లు మూసుకున్నాడు. అబద్ధమని తెలిసి కూడా ఊపాడు. నాకు ఆ ఇరవై నిమిషాలు ఇవ్వడానికి అడిగాడేమో. లేక ఈ వారమైనా నిజం చెబుతానేమోనని అడిగాడేమో. రెంటిలో ఏదో తెలుసుకునే దారి లేదు. రోజును బట్టి ఒకసారి ఇది నమ్ముతాను, ఒకసారి అది.

నోటుబుక్కులో పేజీలు అయిపోయాయి. కొత్తది పెట్టాను.

పోయిన ఏడాది వానలకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పొద్దున పది నుంచి సాయంత్రం దాకా గల్లీకి కరెంటు లేదు. పెద్దమ్మ వాళ్ల పెద్ద ఫ్రిజ్‌లో అమ్మకానికి పెట్టిన పాలు, పెరుగు. సందుకు అడ్డంగా, మనుషుల తలలకు అందనంత ఎత్తున తీగ లాగి వాళ్లకిచ్చాను. జనరేటర్ మొదటి తాడుకే అందుకుంది. మధ్యలో ఒకసారి ఆపి, చల్లారాక పెట్రోల్ పోసి మళ్లీ వేశాను. ఎక్కడా తడబడలేదు. పెద్దమ్మ నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"మస్తు నడుస్తున్నది బిడ్డా. ఆనాడే ఏమైందో దీనికి, పాడుది" అంది.

"దానికేం కాలే పెద్దమ్మా. నేనే నడపలే. పది వారాలు నడపకుంట నడిపిన్నని చెప్పిన."

ఆమె విసనకర్రతో పీల్చు, ఇడువు అని చెప్పిన మనిషి. ఆమెకు ఇది ముందే చెప్పి ఉండాల్సింది. లేచి వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె ఇంజిన్ వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత, "ఏం చేసినవు మరి ఆ సేపు?" అని అడిగింది.

"ఊకె కూసున్న."

"ఊఁ" అంది. వెళ్లలేదు. కరెంటు వచ్చేదాకా ఇద్దరం ఆ మోతలో అట్లాగే ఉన్నాం.

ఈ ఎండాకాలం ముందు వాళ్లూ ఒక జనరేటర్ కొన్నారు. చూసుకునే పని పెద్దమ్మ కోడలిది. నేర్పమంటే వెళ్లాను. ఆయిల్, స్పాంజి, ప్లగ్గు, బ్యాటరీ, పెట్రోల్ చావీ, అన్నీ ఆమె చేతే చేయించాను. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు, పాలపని, ఇంటిపని. కళ్ల కింద నల్లగా ఉంది.

"ప్రతి ఆదివారం నడపాల్నా అక్కా?" అంది.

"నడపాలె. ఏ ఆదివారమన్న పాణం బాగలేకనో, మనసు రాకనో నడపకుంటే నడపలేదని ఇంట్ల చెప్పు. వాళ్లకు చెప్పబుద్ధి కాకుంటే నాకు చెప్పు. నేనొచ్చి నడుపుత."

ఆమె నవ్వి, "గింత దానికి నువ్వెందుకక్కా" అంది. నేను ఆమె చేతికి తాడు అందించి, ఇంకోసారి లాగమన్నాను.